వాయించబుద్ధి కాని రోజులు

హార్మోనియం వాయించాలన్న కోరిక నన్ను ఏ రోజు విడిచిపోయిందో చెప్పలేను. ఆ రోజు ఏమీ జరగలేదు కాబట్టి తేదీ గుర్తు లేదు. వేలికి దెబ్బ తగలలేదు, చెవికి జబ్బు చేయలేదు, ఎవరూ చనిపోలేదు. కర్నూలులో మా ఇంటి ముందు గదిలో, చాప మీద, ఎప్పటిలాగే పెట్టె ఉంది. దాని పక్కనుంచి నడిచి వెళ్ళి పేపరు తెచ్చుకున్నాను. ఆ పేజీ ఈ పేజీ అనకుండా అంతా చదివాను. సంపాదకీయం మీద కోపం తెచ్చుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నప్పుడు, ఈ రోజు పెట్టె తెరవలేదే అని తట్టింది. తెరవలేదన్న బాధ మాత్రం కలగలేదు. నన్ను భయపెట్టింది అదే.

ఆ పెట్టె మా నాయనది. కమలాపురం దగ్గర పల్లెలో రెండెకరాల చెనక్కాయ చేను చేసుకుంటూ, ఆదివారం చర్చిలో ప్రార్థన నడిపించేవాడు. పాటలకు హార్మోనియం కూడా ఆయనే వాయించేవాడు. నాకు పదేళ్ళు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని మెట్లు నేర్పాడు. పన్నెండేళ్ళకు చర్చిలో ఆయన బదులు నేను వాయించాను. కాలేజీకి కర్నూలు వచ్చాక హేతువాదుల సభ ఒకటి విన్నాను. అక్కడినుంచి ఒక ప్రశ్న వెంట మరో ప్రశ్న వచ్చి, రెండేళ్ళలో నాకు దేవుడు లేకుండా పోయాడు. నాయన చనిపోయేనాటికి నేను ఫిజిక్సు లెక్చరర్ని, ఊరూరా తిరిగి దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. అయినా పెట్టె నాకే వచ్చింది. దేవుణ్ణి వదిలాను గానీ పెట్టెను వదల్లేదు. చర్చి పాటల మాటలు తీసేసి వరసలు మాత్రం ఉంచుకున్నాను. మా హేతువాద సంఘం సభలకు పాటలు కట్టుకున్నాను.

దేవుడు లేడంటావు, దేవుడి పాటల వరసలు నీకెందుకని విశ్వాసులు చాలాసార్లు నిలదీశారు. గాలి, ఇత్తడి రేకు, వేలు, ఈ మూడు కలిస్తే వచ్చేదే రాగం, ఇందులో మీ దేవుడి వాటా ఎంతో చూపించండి అనేవాణ్ణి. సంగీతం వరమని చెప్పేవాళ్ళతో ముప్పై ఏళ్ళు పోట్లాడాను. ఇప్పటికీ పోట్లాడతాను. వరమంటే ఇచ్చేవాడొకడు ఉండాలి. ఇచ్చేవాడు ఉంటే, ఇవ్వకుండా పోయినవాడూ వాడే. అప్పుడు పాట రాని పిల్లకు మనం చెప్పే మాట ఏమిటి? నీకు నేర్పేవాడు దొరకలేదని కాదు, నీకు రాసిపెట్టి లేదని. దీనికంటే క్రూరమైన అబద్ధం నాకు తెలియదు. 'మూడ్' అనే మాట మీద కూడా నాకు ఇంతే కోపం. మూడ్ రాలేదనడం సోమరితనానికి కుట్టించిన జరీ అంచు అని ఒక వ్యాసంలో రాశాను. ఆ వాక్యం చదివి మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు.

అటువంటివాడికి వాయించబుద్ధి కావడం లేదు. ఎవరితో చెప్పుకోవాలి?

చెప్పుకోలేదు. నాకు తెలిసిన పద్ధతిలో వైద్యం మొదలుపెట్టాను. కారణం లేకుండా ఫలితం ఉండదు కదా. ఒక నోటుబుక్కు కొన్నాను. గళ్ళు గీశాను. నిద్ర ఎంత, ఏం తిన్నాను, ఎండ ఎట్లా ఉంది, ఏ వరస వాయించాను. చివరి గడిలో 'కోరిక' అని రాసి, దాని కింద ఉంది లేక లేదు. రోజూ తెల్లవారి ఐదున్నరకు లేచి గంటసేపు వాయించేవాణ్ణి. బుద్ధి పుట్టినా పుట్టకపోయినా కూర్చోవడమే మందు అనుకున్నాను. ఉల్లిగడ్డ మానేసి చూశాను. పెట్టెను తూర్పు కిటికీ దగ్గరికి మార్చి చూశాను. మధ్యాహ్నం నిద్ర మానుకున్నాను. పాత వరసలు విసుగేమోనని కొత్తవి పట్టాను. కొత్తవి బాగానే పట్టుబడ్డాయి. ఇంతకు ముందు తడబడే చోట్ల కూడా వేళ్ళు తడబడడం మానేశాయి. చివరి గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే మాట.

ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ ఆ నోటుబుక్కు చూసింది. రొట్టె తట్టుకుంటూ అంది:

"ఏం సారూ, రిటైరైనా హాజరు పట్టీ వదల్లేదే."

"అది ప్రయోగం."

"ఏమో. నాకు హాజరు పట్టీ మాదిరే కనపడింది. క్లాసులో ఉండేది ఒక్కడే, వాడు ఒక్క దినం గూడ రాలేదు. ఇంగ పేరు కొట్టేయగూడదా?"

ఇంకో పది నెలలు ఆ పేరు కొట్టెయ్యలేదు. మా మనుషులు చేసే తప్పు ఇది. మూఢనమ్మకాల మీద పోరాడి పోరాడి, మాకు లొంగని ప్రతిదాన్నీ మూఢనమ్మకం అనుకుంటాం. కోరిక పోయిందని ఒప్పుకుంటే, మూడ్ అనే దెయ్యాన్ని నేనే ఇంట్లోకి పిలిచినట్టవుతుందనుకున్నాను. అందుకని కోరిక లేకుండానే, గడియారం ప్రకారం, ఏడాదికి పైగా వాయించాను.

దాన్ని ఆపించినవాడు ఆత్మకూరు కిరాణా అంగడాయన. ఆ ఊళ్ళో మా సభ ఎప్పుడు జరిగినా వచ్చి ముందు వరసలో కూర్చుని అభ్యంతరాలు చెప్పడం ఇరవై ఏళ్ళుగా ఆయన పని. శనివారాలు వాళ్ళ భజనలో తాళాలు వేస్తాడు. మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని ఇద్దరం బయటపడం. ఆ సాయంత్రం గ్రంథాలయం హాల్లో నా ఉపన్యాసం వరాల మీదే. ఎప్పటిలాగే పెట్టె తీసుకుపోయాను. ఉపన్యాసం అయ్యాక మా సంఘం పాట వరస వాయించి, ఇదంతా అభ్యాసమే తప్ప ఇంకేమీ కాదని ముగించాను. చప్పట్లు కొట్టారు. ఆయన లేచాడు.

"సార్, చిన్న సందేహం."

"అడగండి. సందేహం కోసమే సభ పెట్టుకున్నాం."

"పోయినసారి మీరు ఇదే పాట వాయిస్తే, ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు గూడ దాన్నే పాడుకుంటాంటి. నాస్తికుల పాట పాడతాండావని మా ఇంటామె కూర గిన్నె దూరం జరిపింది. ఈ పొద్దు మీరు ఒక్క తప్పు గూడ పోలేదు. గాని పాట ఆ పెట్టె కాడనే నిలబడిపోయింది సార్. ఈడికి రాలా."

"తప్పు లేదంటున్నారు కదా. మరి లోపం ఎక్కడుందో చూపించండి."

ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"మా అంగట్లో కాటా ఉండాది సార్. అది గూడ ఎప్పుడూ తప్పు చూపించదు. దాన్ని వినేదానికి ఎవురూ రారు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. సభలో ఓడినప్పుడు నవ్వడం మాకు నేర్పే మొదటి పాఠం. కానీ గళ్ళు గీసుకుని, లెక్కలు రాసుకుని ఏడాదిగా నేను వెతుకుతున్న ఫలితం, తాళాలు వేసే మనిషి ముందు వరసలో కూర్చుని చెప్పేశాడు. బస్సు స్టాండుదాకా పెట్టె ఒక పక్క ఆయనే పట్టుకుని వచ్చాడు.

"కొన్నాళ్ళు మూసిపెట్టండి సార్. మేం గూడ శనివారం భజన ఎగ్గొడతాం ఒక్కోసారి. దేవుడు ఏమనుకోడు."

"మీ దేవుడి సంగతి నాకు తెలియదు."

"మీ సంగతి ఆయనకు తెలుసులే సార్. పదండి, బస్సొచ్చె."

మూసిపెట్టడం అంత తేలిక కాదు. హార్మోనియం ఊరికే ఉంచితే చెడిపోతుంది. వెనక గాలి ఆడించే తిత్తి తోలును ఎలుకలు కొరుకుతాయి. మా ఎండలకు చెక్క పగులుతుంది. రేకుల మీద దుమ్ము చేరితే మెట్టు నొక్కినా పలకదు. వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు తెరిచి గాలి ఆడించాలి. నా ఇంట్లో ఉంటే ఆ ఎవరో ఒకరు నేనే. తెరిచిన ప్రతిసారీ చివరి గడి గుర్తుకొస్తుంది. అందుకని పెట్టెను అక్క ఇంట్లో ఉంచి రావాలనుకున్నాను.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. మా పల్లెలోనే మేనమామ కొడుకును చేసుకుంది. బావ చేను చూసుకుంటాడు, ఆయనకిప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. అక్క శనివారం చర్చి ఊడ్చి, ఆదివారం పాట ఎత్తుకుంటుంది. దేవుడి గురించి నేనూ ఆమే వాదించుకోవడం ఎప్పుడో మానేశాం. నేను పండక్కో పబ్బానికో వెళ్ళినప్పుడు పెట్టె తీసుకెళ్ళేవాణ్ణి, నేను వాయిస్తే ఆమె పాడేది. మాటలు ఆమెవి, వరస నాది. మా ఇద్దరి మధ్య ఒప్పందం అదే.

కడప బస్సులో కండక్టరు పెట్టెను కాలితో తట్టి చూశాడు.

"ఏముండాది సార్ దీంట్లో?"

"హార్మోనియం."

"భజనకా, చర్చికా?"

"రెండిటికీ కాదు."

"మరింకేమిటికి?"

నేను చిల్లర తీసిచ్చాను. ఆయన లగేజీ టికెట్టు చింపి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అక్క పెట్టెను చూసి సంతోషపడింది. వెంటనే నా మొహం చూసి ఆగింది. విషయం చెప్పాను. సభలో చెప్పినట్టు చెప్పబోయి, మధ్యలో ఆపి, ఊరికే చెప్పాను. వాయించబుద్ధి కావడం లేదక్కా, ఏడాదిన్నర అయింది.

"కాకుంటే మానుకో. దానికి ఇంత మీటింగెందుకు?"

"మళ్ళీ పుట్టకపోతే?"

"పుడితే చూస్తాం. నువ్వు నాలుగు నెలలు దేవుణ్ణి తిట్టకుండా గూడ ఉండి చూడు, శానా మార్పులొస్తాయి."

"చర్చికి ఇచ్చెయ్యమంటావా?"

ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఆడికెందుకు. ఈడనే ఉండనీ. ఎలుకలు కొట్టకుండా నేను చూసుకుంటా."

ఆ తర్వాతి నెలల గురించి రాయడం కష్టం. రాయడానికి ఏమీ లేదు. నోటుబుక్కు లేదు, ఐదున్నర లేదు. పొద్దున్నే తుంగభద్ర కట్ట మీద నడిచాను. పుస్తకాలు చదివాను. సభలకు వెళ్ళాను, పెట్టె లేకుండా. పాత ఊళ్ళో ఒక దర్గా దగ్గర ఉరుసు జరుగుతుంటే నిలబడి ఖవాలీ విన్నాను. అక్కడ హార్మోనియం వాయిస్తున్న ముసలాయన వేళ్ళు బొగ్గుల మీద నడుస్తున్నట్టు మెట్ల మీద తేలుతున్నాయి. గొప్పగా వాయిస్తున్నాడని నాకు తెలుస్తోంది. తెలియడం వరకే. ఒకప్పుడైతే ఇంటికి పరిగెత్తేవాణ్ణి, ఆ వరస చెవిలో చల్లారకముందే పెట్టె తెరవాలని. ఆ రాత్రి ఇంటికి వచ్చి జొన్నరొట్టె తిని పడుకున్నాను.

నాకు కావలసింది సంగీతం కాదని అప్పుడు అర్థమైంది. సంగీతం ఎక్కడికీ పోలేదు, ఊరినిండా ఉంది. నాకు కావలసింది ఆ తహతహ. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పాను. ఒక్క రోజైనా తరగతిలో నా కుడిచెయ్యి ఊరికే ఉండేది కాదు. పిల్లలు లెక్క చేసుకుంటుంటే బల్ల అంచు మీద మెట్లు నొక్కుతూ ఉండేది. పరీక్షహాల్లో కాపలా ఉన్నప్పుడు, బస్సులో ముందు సీటు కమ్మీ మీద, పెళ్ళైన కొత్తలో మా ఆవిడ భుజం మీద. ఇంటికి ఎప్పుడు చేరతానా, తిత్తి ఎప్పుడు విప్పుతానా అని. ఆ ఎదురుచూపు నాలో ఒక గది అనుకోలేదు, నేనే అనుకున్నాను. ఇప్పుడు అది లేదు, నేనున్నాను. ఎవరికోసం బెంగపెట్టుకున్నానో వాడు నేనే. హేతువాదం దీనికి మందు చెప్పలేదు. చెప్పనందుకు నాకు దాని మీద కోపం లేదు. దేవుడి మందు వేసుకోమని ఎవరైనా అంటే మాత్రం ఇప్పటికీ కొట్లాడతాను. బెంగ ఉన్నంత మాత్రాన అబద్ధం తినాల్సిన పని లేదు.

అక్కకు వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. వానలు, చేను, బావ మోకాళ్ళు అయ్యాక, చివర్లో అడిగేవాణ్ణి. పెట్టె ఎట్లుందక్కా? ఉండాది, అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేది కాదు. నేను కూడా గుచ్చి అడగలేదు.

పోయిన ఏడాది వానలు వెనకబడ్డప్పుడు, ఒక శనివారం, చెప్పకుండా వెళ్ళాను. కమలాపురంలో బస్సు దిగి ఆటోలో పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. వీధిలో మనుషులు లేరు. అక్క ఇంటి సందులోకి తిరగగానే పెట్టె చప్పుడు వినపడింది. ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు. ఆగింది. గాలి ఆడిస్తోంది కాబోలు అనుకున్నాను. కానీ నాలుగో మెట్టు దగ్గర తప్పుపోయి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ వెతికింది. గాలి ఆడించేవాళ్ళు వెతకరు.

అది మా నాయన ప్రార్థన మొదట్లో వాయించే వరస. మొదటి పంక్తి మాత్రమే.

బావ అరుగు మీద పడుకుని నిద్రపోతున్నాడు. తలుపు ఓరగా ఉంది. లోపలికి చూశాను. అక్క కింద కూర్చుని ఉంది, పెట్టె ముందు. ముందు కాదు, వెనక. తిత్తి ఆమె ఒళ్ళోకి వస్తోంది. ఎడమ చేత్తో తిత్తి ఆడిస్తూ, కుడిచేతిని పెట్టె మీదుగా అవతలికి చాచి, కనపడని మెట్లను ఒక్క వేలితో తడుముతోంది. బావిలో పడిన చెంబు కోసం వంగినట్టు ఉంది ఆమె వీపు.

నాకు నవ్వొచ్చింది. అది దాచుకోవాలని కూడా తోచలేదు.

"అక్కా, తప్పు పక్క కూర్చున్నావు."

ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసుకుంది. పమిట సర్దుకుంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, గుడ్డ సంచిలో బెల్లం దొంగిలిస్తూ దొరికిపోయినట్టు నన్ను చూసింది.

"చెప్పి రాగూడదా? ఎప్పుడొస్తివి?"

"ఇప్పుడే. మెట్లు అటు పక్క ఉన్నాయి కదా. అటు తిరిగి కూర్చో."

"నాకు ఈ పక్కనుంచే తెలుసు."

నాకు అర్థం కాలేదు. ఆమె నింపాదిగా చెప్పింది, పిల్లకు దారి చెప్పినట్టు. మా చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. పెట్టె మగవాళ్ళ వైపు, ముందు, ఆడవాళ్ళకు ఎదురుగా ఉండేది. ఆమె నాలుగేళ్ళ పిల్లప్పటినుంచి ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చుని, తిత్తి మీదుగా నాయన చేతినే చూసేది. పాట పైకి పోయేటప్పుడు ఆ చెయ్యి ఆమెకు ఎడమకు, వాకిలి వైపు జరిగేది. కిందికి దిగేటప్పుడు గోడ వైపు జరిగేది. ఏ పాటకు చెయ్యి ఎంత జరుగుతుందో, యాడ ఆగుతుందో, యాడ వెనక్కి వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. అన్నీ అటునుంచి ఇటు.

"మొదట నువ్వు చెప్పిన పక్కనే కూచుంటినప్పా. పాట పైకెత్తాలని వేలు పెడితే కిందికి దిగతాండాది. ముప్పై దినాలు ఇంతే. పిచ్చి లేచిపాయె. ఒక దినం ఈ పక్కకొచ్చి కూచుంటే నాయన చెయ్యి కనపడె. ఇంగ ఈడనే కూచుంటాండా."

"నాయనను అడగలేకపోయావా, నేర్పమని?"

"అడిగినా. ఒకసారి. నువ్వు పుట్టిన ఏడు."

"ఏమన్నాడు?"

"ఆడపిల్ల ఆ పక్కకు పోయి కూచోదు అన్న్యాడు. తిట్టలా. నెమ్మదిగానే చెప్పినాడు." ఆమె తిత్తి మీద దుమ్ము తుడిచింది. "నీకు పదేండ్లు రాగానే నిన్ను కూచోబెట్టుకున్న్యాడు. నేనప్పుడు ఇద్దరి చేతులు చూసేదాన్ని. నీది శానా తప్పులు పోయేది."

నేను ఆడవాళ్ళ హక్కుల మీద ఎన్ని ఊళ్ళలో మాట్లాడానో నాకే లెక్క తెలియదు. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు అని విడదీసే ప్రతి మతాన్నీ పేరు పెట్టి దులిపాను. దేవుడు చీల్చిన హాలు అని మా చర్చిని గురించే ఒకసారి రాశాను. ఆ హాల్లో ముందు వరసలో కూర్చున్న పిల్ల ఏం చూస్తోందో మాత్రం నాకు తట్టలేదు. నేను మెట్లు చూస్తున్నాను. పాట రాని పిల్లకు నీకు రాసిపెట్టి లేదని చెప్పడం క్రూరమని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, మా ఇంట్లో ఆ మాట ఎవరికి చెప్పారో ఒక్కసారి అడగలేదు. నా నోటుబుక్కులో అన్ని గళ్ళూ నా కోసమే గీసుకున్నాను.

ఆ మాట ఆమెతో అనబోయాను. ఆమె వినేలా లేదు. మెట్ల మీదే చెయ్యి ఉంచి, నా వైపు చూడకుండా అడిగింది:

"పెట్టె తీసుకపోను వచ్చినావా?"

"లేదు."

"నిజం చెప్పు. నీదే గదా, నువ్వు అడిగితే నేను కాదనను."

"లేదక్కా. నాకు బుద్ధి పుట్టలేదు ఇంకా."

అప్పటికది నిజమే.

"అయితే బయట కూచో పో. నువ్వు చూస్తాంటే వేలు ముందుకు పోదు."

"నేను నేర్పుతా కదా. వారంలో నాలుగు పాటలు..."

"వద్దు. నువ్వు నేర్పితే ఆ పక్కకు తిప్పుతావు. నాకిప్పుడు ఆ పక్క వద్దు. మీ బావకు చెవులు వినపడకపాయె, నా అదృష్టం. నీకు బాగా వినపడతాది, అదే తంటా. పో, ఆడ చెంబులో మజ్జిగ ఉండాది, తాగు."

మజ్జిగ తాగి అరుగు మీద, బావ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎదురింటి గోడ మీద ఎండ ఇంకా తెల్లగా ఉంది. లోపల మళ్ళీ మొదలైంది. మొదటి మెట్టు, రెండోది, మూడోది. నాలుగోది నల్ల మెట్టు. అటునుంచి చూడకుండా చెయ్యి చాస్తే వేలు దాన్ని దాటిపోయి, పక్కనున్న తెల్ల మెట్టు తగులుతుంది. అదే తగిలింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ ఆ తెల్ల మెట్టే. ఇంకోసారి. ఈసారి ఆ మెట్టు దాటి ఇంకా పైకి పోయింది.

ఇక్కడ, ఇంకొంచెం ఇటు, అని నా నోట్లోకి వచ్చింది. మింగాను. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. నేను మూడో మెట్టు దగ్గరే ఊపిరి బిగబట్టాను. నా కుడిచెయ్యి అరుగు రాతిని నొక్కుతోంది. కడప బండ అది, పొద్దుటి ఎండ వేడి ఇంకా వదల్లేదు. ఉంగరపు వేలు ఆ నల్ల మెట్టు ఎక్కడుండాలో అక్కడ, రాతి మీద, తెల్లబడేదాకా నొక్కి ఉంది. నేను నొక్కమనలేదు.

రెండేళ్ళు. ఒక్క మెట్టు చాలు నాకు. లేచి, నాలుగడుగులు వేసి, తలుపు తోసి, ఆ ఒక్క మెట్టు నొక్కి వచ్చేస్తాను. పాట అక్కరలేదు, పంక్తి అక్కరలేదు. ఆ చప్పుడు ఆ చోట పడితే చాలు. దాహమంటే ఇదే, నాకు గుర్తుంది, పోగొట్టుకున్నది ఇదే. ఎందుకొచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న తొందర కూడా లేదు. కారణాలు వెతికే మనిషిని కాసేపు బావ పక్కన పడుకోబెట్టాను.

లోపలినుంచి ఆమె గొంతు వినపడింది.

"ఏమప్పా, అది యాడుందో నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"చెప్పాకు."

చెప్పలేదు. ఐదింటికి బావ లేచి, నన్ను చూసి ఆశ్చర్యపడి, ఎప్పుడొచ్చినావని రెండుసార్లు అడిగి, ఆవును కట్టెయ్యడానికి వెళ్ళాడు. ఎదురింటి గోడ మీద ఎండ పచ్చబడింది. ఎన్నోసారో తెలియదు, నాలుగో మెట్టు పలికింది. సరిగ్గా పలికింది. తిత్తిలో గాలి అయిపోయేదాకా ఆమె వేలు తియ్యలేదు.

కాసేపటికి బయటికి వచ్చింది. భుజం నొక్కుకుంటూ, చెమట తుడుచుకుంటూ నా ఎదుట గడప మీద కూర్చుంది. నా చేతి వైపు చూసింది. నేను చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాను.

"బుద్ధి పుట్టినట్టుండాదే."

నేను ముప్పై ఏళ్ళు నిజం గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషిని. వాకిట్లో పేడ మీద వాలిన ఈగల్ని చూస్తూ, లేదన్నాను.

"సభల్లో గూడ ఇట్లనే చెప్తావా అబద్ధాలు?"

"సభల్లో ఎవరూ ఇట్లా అడగరు."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు పెట్టె ఉన్న గదివైపు పోయాయి. ఇంకా ఒక్క పంక్తే వచ్చింది, పాటకు నాలుగు చరణాలు, అంది. నాతో కాదు, తనతో అనుకున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, నీకు కావాలంటే పెట్టె కట్టిస్తా, మీ బావ ఆటో దాకా మోస్తాడు, అంది. కావాలా అని అడిగిన ఆ ఒక్క క్షణం ఆమె రెండు చేతులూ గడపను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఉండనీ. చరణాలు అయినాక చూస్తాం," అన్నాను.

"శానా దినాలు పడతాది."

"పట్టనీ."

ఆమె లేచి లోపలికి పోయి, ఆ వెనక పక్కనే కూర్చుంది. ఐదున్నర బస్సు దాటిపోయిన చప్పుడు రోడ్డు మీదనుంచి వినపడింది. ఏడింటికి ఇంకొకటి ఉంది. నేను అరుగు మీదే కూర్చుని, రెండో పంక్తిలో మొదటి మెట్టు కోసం ఆమె తడుముతుంటే విన్నాను.